ఫైల్ విజువల్స్‌లో వలసదారుడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో అమెరికా టెలివిజన్ గురించినవే ఎక్కువ. పిల్లల దగ్గరకు వెళ్లి వచ్చిన పెద్దలు రాసినవి కొన్ని, అక్కడే స్థిరపడినవారు రాసినవి కొన్ని, ఇక్కడే ఉండి ఫోన్‌లో ఆ కార్యక్రమాలు చూసే విద్యార్థులు రాసినవి మరికొన్ని. అన్నీ ఒకే ముడి చుట్టూ తిరుగుతున్నాయి కనుక ఈసారి మిగిలిన విషయాలను పక్కన పెట్టి వీటికే చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఉంటాడు. మనవడు పుట్టినప్పుడు వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చాం. పొద్దున్నే కాఫీ తాగుతూ టీవీ పెడితే సరిహద్దు, ముళ్లకంచె, నది దాటుతున్న జనం తప్ప మరొకటి కనిపించేది కాదు. సాయంత్రం నడకకు వెళితే మాత్రం ఎదురైన ప్రతివారూ చెయ్యెత్తి పలకరించేవారు. ఇందులో అసలు అమెరికా ఏది? ఆ వార్తలు చూసి చూసి వాళ్ల మనసులు విరిగిపోవా?
(విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు)

జవాబు: రెండూ అసలైనవేనండీ. చిక్కల్లా ఆ రెండూ ఒకే మనిషి బుర్రలో కాపురం చేయగలగడంలోనే ఉంది. మిమ్మల్ని పలకరించిన పక్కింటాయనకు మీరు ఫలానా అబ్బాయి అమ్మగారు. అదే ఆయనకు సర్వే సంస్థ ఫోన్ చేసి, దేశంలోకి వలసలు పెరగాలా తగ్గాలా అని అడిగితే ఆయన కళ్ల ముందు మెదిలేది మీరు కాదు, ఆ ఉదయం తెర మీద చూసిన నది. అభిప్రాయాన్ని టీవీయే పుట్టిస్తుందని నేను అనను కానీ, అభిప్రాయం అడిగిన క్షణంలో చేతికి అందే బొమ్మను మాత్రం చాలావరకు అదే సరఫరా చేస్తుంది.

ఆ బొమ్మ ఎలా తయారవుతుందో తెలుగు వార్తా ఛానెళ్లలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. యాంకర్ చదివే ప్రతి వార్తకూ తెర మీద ఏదో ఒకటి కదలాలి కనుక, తాజా దృశ్యం లేనప్పుడు పాత ‘ఫైల్ విజువల్స్’ తీసి వేస్తారు. కొన్నేళ్ల క్రితం న్యూజెర్సీలో బంధువుల ఇంట ఉన్నప్పుడు దగ్గరలోని జిమ్‌కు వెళ్లేవాణ్ణి. అక్కడ గోడకు ఉన్న టీవీకి శబ్దం ఉండేది కాదు. ఒకరోజు కింద స్క్రోలింగ్‌లో విదేశీ విద్యార్థుల వీసాల మీద చర్చ నడుస్తోంది. పైన మాత్రం నడుము లోతు నీళ్లలో, పిల్లను భుజాల మీద ఎక్కించుకుని ఒడ్డుకు వస్తున్న తడి చొక్కా మనిషి. నేను ట్రెడ్‌మిల్ మీద ఉన్న ఇరవై నిమిషాల్లో ఆ ముక్క నాలుగుసార్లు వచ్చింది. మాట విద్యార్థి గురించి, బొమ్మ నది గురించి. శబ్దం లేకుండా చూసినవారికి మిగిలేది ఆ తడి చొక్కా మనిషే.

అమెరికా జనాభాలో నూటికి 14 మందికి పైగా విదేశాల్లో పుట్టినవారే. వారిలో దాదాపు నలుగురికి ముగ్గురు చట్టబద్ధంగా ఉంటున్నవారు. ఆసుపత్రుల్లో నర్సులు, కాలిఫోర్నియా పొలాల్లో కూలీలు, హోటళ్ల వంటగదుల్లో గిన్నెలు తోమేవారు, మీ అబ్బాయి లాంటి ఇంజనీర్లు, అందరూ ఆ లెక్కలోనే ఉన్నారు. అయితే పనికి వెళ్లి ఇంటికి వచ్చేవాడు వార్త కాడు. కంచె దూకేవాడు వార్త. ఒక్కొక్క వార్తనూ విడిగా తీసి చూస్తే అబద్ధం ఉండకపోవచ్చు, అన్నిటినీ పోగు చేస్తే మాత్రం నిజం రాదు.

దీనికి పాఠ్యపుస్తకాల్లో చెప్పే ఉదాహరణ 1994 నాటిది. కాలిఫోర్నియా గవర్నర్ పీట్ విల్సన్ ఎన్నికల్లో వెనుకబడి ఉన్న సమయంలో ఆయన ప్రచార బృందం ఒక టీవీ ప్రకటన విడుదల చేసింది. శాన్ డియాగో దగ్గర సాన్ ఇసిడ్రో సరిహద్దు వద్ద, మసకగా ఉన్న నలుపు తెలుపు దృశ్యంలో, కార్ల వరుసల మధ్య నుంచి కొద్దిమంది మనుషులు పరుగెత్తుతుంటారు. వెనుక నుంచి బరువైన గొంతు "వాళ్లు వస్తూనే ఉన్నారు" అంటుంది. ఆ మనుషులెవరో, ఎందుకు పరుగెత్తుతున్నారో, ఏ పనికి వెళుతున్నారో ఉండదు. ముఖాలు కూడా సరిగా కనిపించవు. పత్రాలు లేనివారికి ప్రభుత్వ బడులనూ, అత్యవసరం కాని వైద్యాన్నీ నిరాకరించాలన్న 187వ ప్రతిపాదన కూడా అదే ఎన్నికలో ఓటుకు వచ్చి, నూటికి 59 మంది మద్దతుతో గెలిచింది. విల్సన్ కూడా గెలిచారు. తరువాత ఫెడరల్ న్యాయస్థానం ఆ ప్రతిపాదనను అడ్డుకుంది. ప్రకటన మాత్రం మూడు దశాబ్దాలు దాటినా ఇంకా మాటల్లో ఉంది.

టీవీ మనసులను మారుస్తుందా అన్నది పరిశోధకులు ఎప్పటినుంచో తవ్వుతున్న గని. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ గెర్బ్నర్ 1960ల చివరి నుంచి చేసిన అధ్యయనాల సారం ఇది: ఎక్కువ గంటలు టీవీ చూసేవారు బయటి లోకం వాస్తవానికి మించి ప్రమాదకరంగా ఉందని నమ్ముతారు. ఆయన కూడా 1939లో హంగరీ నుంచి అమెరికాకు వలస వచ్చినవారే. భయస్తులే ఇల్లు కదలకుండా టీవీ చూస్తారేమో, ముందు భయమా ముందు టీవీయా అని అడిగినవారూ ఉన్నారు. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు.

ఆ చిక్కును తప్పించుకోవడానికి ప్రయోగాలు చేస్తారు. 2008లో టెడ్ బ్రేడర్, నికొలస్ వాలెంటినో, ఎలిజబెత్ సుహే ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారికి వలసల గురించి ఒకే రకం వార్తాకథనం ఇచ్చి, కొందరి ప్రతిలో లాటినో వలసదారుడి ఫొటో, మరికొందరి ప్రతిలో ఐరోపా వలసదారుడి ఫొటో పెట్టారు. వలసల వల్ల నష్టమని చెప్పే కథనానికి లాటినో ముఖం తోడైనప్పుడు పాఠకుల్లో ఆందోళన ఎక్కువగా పెరిగింది, వ్యతిరేకత కూడా పెరిగింది. అక్షరాలు అవే అయినా తేడా తెచ్చింది ముఖం. అందుకే తెర మీద మాటకన్నా బొమ్మను ముందు అనుమానించాలని నేను అంటాను.

మీ పక్కింటాయన విషయానికి సూటిగా తగిలేది డేనియల్ హాప్కిన్స్ 2010లో ప్రచురించిన పరిశోధన. వలసదారులు పక్కన ఉన్నంత మాత్రాన స్థానికులు శత్రువులు కారని ఆయన గమనించారు. ఒక ఊళ్లో వారి సంఖ్య తక్కువ కాలంలో గబగబా పెరిగి, సరిగ్గా అదే సమయంలో జాతీయ స్థాయిలో వలసల మీద రాజకీయ వేడి కూడా రాజుకున్నప్పుడే వ్యతిరేకత పైకి వస్తుందట. అంటే కట్టెలు ఊళ్లో ఉంటే, అగ్గిపుల్ల తెర మీద నుంచి వస్తుందన్నమాట. డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లలో మనవాళ్లు ఎంత వేగంగా పెరిగారో మీరు కళ్లారా చూసే ఉంటారు.

ప్రశ్న: అమెరికా కార్టూన్‌లో భారతీయ దుకాణదారుడి యాస మీద నవ్వుకుంటే అది జాత్యహంకారమంటున్నారు. మన సినిమాల్లో మార్వాడీ సేట్‌ను, తమిళ వంటవాణ్ణి పెట్టి తరాల తరబడి మనం నవ్వుకోలేదా? హాస్యాన్ని హాస్యంగా తీసుకోలేమా?
(డిగ్రీ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: యాస వేషాలలో మనం ఎవరికీ తక్కువ తినలేదు, ఒప్పుకుంటాను. మీ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే లెక్క వేయవలసిన అంశం ఒకటి మిగిలిపోయింది.

ముందు 1951కి వెళదాం. ‘ఐ లవ్ లూసీ’ అనే హాస్య ధారావాహికను సీబీఎస్ మొదలుపెట్టే ముందు, కథానాయిక లూసీల్ బాల్ తన భర్త డెజీ ఆర్నాజ్‌నే తెర మీద కూడా భర్తగా పెట్టాలని పట్టుబట్టారు. ఆర్నాజ్ క్యూబాలో పుట్టి, అక్కడి 1933 తిరుగుబాటు తరువాత కుటుంబంతో మయామీ చేరినవాడు. స్పానిష్ యాస ఉన్న మనిషిని అమెరికన్ ఇల్లాలి భర్తగా ప్రేక్షకులు ఒప్పుకోరని ఛానెల్ పెద్దలు సందేహించారు. దంపతులిద్దరూ వేదికల మీద ప్రదర్శనలిచ్చి జనం ఒప్పుకుంటారని చూపించాక కానీ పని కాలేదు. ఆ ధారావాహికలో బిడ్డ పుట్టే భాగాన్ని 1953 జనవరి 19న సుమారు 4.4 కోట్ల మంది చూశారు. మర్నాడు జరిగిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారానికి అంతమంది ప్రేక్షకులు లేరు. ఆ ధారావాహికలో కూడా యాస మీద నవ్వు ఉంది. కోపం వచ్చినప్పుడల్లా అతను గబగబా స్పానిష్‌లో తిట్టడం, జనం పకపకా నవ్వడం మామూలే. కాకపోతే అతనికి ఇల్లుంది, సంసారం ఉంది, సంపాదన ఉంది. నవ్వు అయిపోయాక కూడా మనిషి మిగులుతాడు.

మీరన్న కార్టూన్ ‘ది సింప్సన్స్’. అందులో దుకాణం నడిపే అపు 1990లో తొలిసారి కనిపించాడు. అతని ఇంటిపేరు మన దేశంలో ఎక్కడా వినని, నోరు తిరగని ఒక కల్పన. న్యాయంగా చెప్పాలంటే ఆ పాత్ర రాసినవారు అతన్ని అట్టముక్కలా వదిలేయలేదు. అతనికి డాక్టరేట్ ఉంది, భార్యాబిడ్డలున్నారు. కాలిఫోర్నియా 187వ ప్రతిపాదనను ఎత్తిపొడుస్తూ 1996లో వచ్చిన ఒక భాగంలో అపును దేశం నుంచి పంపివేసే పరిస్థితి వస్తుంది. నిజమైన వార్తల్లో దొరకనంత సానుభూతి ఆ కార్టూన్‌లో దొరుకుతుంది. మరి గొడవేమిటంటే, అతనికి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. అంతకన్నా పెద్ద సంగతి, చాలా ఏళ్లపాటు అమెరికా తెర మీద అందరికీ తెలిసిన భారతీయుడు అతనొక్కడే.

నేను లెక్క వేయమన్నది దీన్నే. తెలుగు ప్రేక్షకుడు సినిమాలో సేట్‌ను చూసి నవ్వుకున్నా, మర్నాడు బజారులో నిజమైన సేట్ దగ్గర గుడ్డ కొంటాడు, బేరమాడతాడు, కొడుకు పెళ్లికి పిలిస్తే వెళతాడు. బొమ్మకు పక్కన మనిషి నిలబడి ఉంటాడు. అమెరికా మధ్య రాష్ట్రాల్లోని చిన్న ఊరి పిల్లవాడికి 1990లలో ఆ అవకాశం లేదు. వాడి తరగతిలోకి కొత్తగా వచ్చిన ఒకే ఒక్క భారతీయ పిల్లను వాడు దేనితో పోల్చుకోవాలి? ఉన్నది ఒక్కటే నమూనా. ఇంటర్వెల్ గంట కొట్టగానే "థ్యాంక్యూ, కమ్ ఎగైన్" అన్న అపు మాటను యాసతో సహా ఆమె వెంట పడి అంటాడు.

ఈ అనుభవాన్నే న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన తెలుగు కుటుంబపు కమెడియన్ హరి కొండబోలు 2017లో ఒక డాక్యుమెంటరీగా తీశారు. ఆ కార్టూన్ అంటే తనకు చిన్నప్పటినుంచీ ఇష్టమని చెప్పి మరీ తీశారు కనుకనే ఆ విమర్శకు బలం వచ్చిందని నా అభిప్రాయం. 2018 ఏప్రిల్‌లో కార్టూన్ వారు ఇచ్చిన జవాబు, ఒకప్పుడు ఎవరికీ నొప్పి కలిగించనిది ఇప్పుడు తప్పయిందంటే ఏం చేయగలమన్న ధోరణిలో ఉంది. ‘ఎవరికీ’ అన్నప్పుడు ఎవరిని లెక్కపెట్టారో వారికే తెలియాలి. అజారియా 2020లో ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నారు, 2021లో బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు. భారతీయ మూలాలున్న అమెరికన్ నటుడు కాల్ పెన్ తనకు తొలిరోజుల్లో ఆడిషన్లకు వచ్చిన స్క్రిప్టులను 2017లో బయటపెట్టినప్పుడు, వాటిలో యాస తప్ప పాత్ర లేదని లోకానికి తెలిసింది.

నవ్వవద్దని ఎవరూ అనడం లేదు. ఒక్కడినే పెట్టి నవ్వడం వేరు, పదిమంది రకరకాల మనుషుల్లో ఒకణ్ణి చూసి నవ్వడం వేరు.

ప్రశ్న: మేము అన్ని పత్రాలతో, వీసాతో వచ్చాం. పన్నులు కడుతున్నాం. సరిహద్దు దగ్గరి దృశ్యాలతో మాకు సంబంధం ఏమిటి? అక్రమంగా వచ్చినవారినీ మమ్మల్నీ ఒకే గాటన కట్టవద్దని మన సంఘాలు టీవీ వారికి గట్టిగా చెప్పాలి.
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మీ ఆవేదన అర్థమవుతోంది, అయినా మీ వాదనతో నేను ఏకీభవించను. కారణం చెబుతాను.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు పని ముగించుకుని రోజూ వెళ్లే బార్‌లో కూర్చున్నారు. ఒక వ్యక్తి వారి దగ్గరకు వచ్చి, మీరు ఏ దేశం నుంచి వచ్చారు, ఇక్కడ అక్రమంగా ఉన్నారా అని నిలదీశాడు. అతన్ని బయటకు పంపివేస్తే తుపాకీతో తిరిగి వచ్చాడు. మా దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. ఒకరు చనిపోయారు, రెండవవారు గాయపడ్డారు, ఆపబోయిన అమెరికన్ యువకుడికీ తూటాలు తగిలాయి. ఆ రాత్రి అతను పారిపోయి మరొక ఊళ్లోని బార్‌లో చెప్పుకున్న మాట ఏమిటంటే, తాను ఇద్దరు ఇరానియన్లను కాల్చానని. కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది.

ఆ హత్యను తీసుకువెళ్లి టీవీ ఖాతాలో రాయడం న్యాయం కాదు. కాని అతని ప్రశ్నను మరొకసారి చదవండి. అక్రమంగా ఉన్నారా అని అతను అడిగిన ఇద్దరూ మీలాగే వీసాల మీద వచ్చినవారు. అతని మనసులోని బొమ్మ పాస్‌పోర్ట్ తెరిచి ముద్ర చూడలేదు, ఇరాన్‌కూ హైదరాబాద్‌కూ తేడా పట్టలేదు. 2001 సెప్టెంబర్ దాడుల తరువాత నాలుగో రోజునే అరిజోనాలో ఒక సిక్కు పెట్రోల్ బంక్ యజమాని ఇదే విధంగా ప్రాణం కోల్పోయాడు.

ఆ బొమ్మలు ఎక్కడివంటే, ‘24’ అనే ధారావాహిక 2005 భాగాల్లో ప్రధాన పాత్రలుగా వచ్చిన ముస్లిం కుటుంబాన్ని గుర్తు చేసుకోవాలి. లాస్ ఏంజెలెస్‌లో మర్యాదగా బతుకుతున్నట్టు కనిపించే భర్త, భార్య, చదువుకునే కొడుకు లోపల తీవ్రవాదులని కథ. పక్కింటి ముస్లింల మీదే అనుమానం కలిగేలా ఉందని ముస్లిం సంఘాలు అభ్యంతరం చెప్పిన తరువాత, కథానాయకుడు కీఫర్ సదర్లాండ్ తెర మీదికి వచ్చి, అమెరికా ముస్లింలు తీవ్రవాదాన్ని ఖండిస్తారని ఒక చిన్న ప్రకటన చదివారు. నెలల తరబడి నడిచే కథకు ఒక నిమిషం ప్రకటన విరుగుడా అన్నది మీకే వదిలేస్తున్నాను.

ఇక ‘మంచి వలసదారుడు’ బొమ్మ సంగతి. డాక్టర్, ఇంజనీర్, స్పెల్లింగ్ పోటీలో గెలిచిన పిల్ల అన్న బొమ్మను మనం ఎంతో ముద్దు చేసుకుంటాం. అదే బొమ్మను వెనక్కి తిప్పితే మన ఉద్యోగాలు ఎత్తుకుపోయినవాడు అని రాసి ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు స్టూడియోల్లో చర్చించినది నది దాటిన కూలీ గురించి కాదు, మీ గురించే. ఆ రోజున సంఘాలు టీవీ వారికి చెప్పవలసినది ‘మేము వాళ్లం కాము’ అన్న మాట కాదనే నేను అనుకుంటున్నాను.

ప్రశ్న: టీవీ వల్ల వలసదారుల మీద సానుభూతి పెరిగిన సందర్భాలు లేవా? అన్నీ చెడ్డ ఉదాహరణలేనా?
(గృహిణి, విజయవాడ)

జవాబు: ఉన్నాయి. ‘అగ్లీ బెట్టీ’ 2006 నుంచి 2010 వరకు వచ్చింది. అందులో కథానాయిక తండ్రి మెక్సికో నుంచి వచ్చి పత్రాలు లేకుండా ఉండిపోయినవాడు. ఇంట్లో అందరికీ వండిపెడుతూ, మందుల కోసం బీమా వారితో తగువుపడే తండ్రిగానే ప్రేక్షకులకు ముందు పరిచయమయ్యాడు. అతని దగ్గర పత్రాలు లేవన్న సంగతి ఆ తరువాత తెలుస్తుంది. ఈ వరుస ముఖ్యం. ముందు మనిషి, తరువాత పత్రం. వార్తల్లో ఇది ఎప్పుడూ తలకిందులుగా ఉంటుంది.

‘సూపర్‌స్టోర్’ మరొక మెట్టు. పెద్ద దుకాణంలో పనిచేసేవారి కథ. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మటేయో నోటి దురుసు ఉన్నవాడు, కాస్త స్వార్థపరుడు, పోటీ పడితే ఎవరినీ వదలడు. అంటే దేవుడిలా చూపించి సానుభూతి అడగలేదు. 2019 మేలో వచ్చిన భాగంలో వలస అధికారులు దుకాణంలోకి వస్తారు. తోటి పనివారు అతన్ని ఎలాగైనా బయటకు తప్పించాలని అరలమధ్య నుంచి నడిపిస్తూ ప్రయత్నిస్తారు, హాస్యం కూడా నడుస్తూనే ఉంటుంది, చివరికి ఏదీ ఫలించక అతన్ని వాహనంలో ఎక్కించి తీసుకుపోతారు. నాలుగేళ్లుగా నవ్వించిన మనిషి అలా కిటికీ వెనుక కనిపిస్తే ప్రేక్షకుడికి గొంతు పట్టేస్తుంది. తరువాత జరిపిన ఒక అధ్యయనంలో మటేయోను స్నేహితుడిలా భావించిన ప్రేక్షకులు వలసలకు ఎక్కువ అనుకూలంగా ఉన్నట్టు తేలింది. ముఖాముఖి పరిచయం లేకున్నా తెర మీది పరిచయం కూడా దురభిప్రాయాన్ని తగ్గించగలదని మిన్నెసోటా పరిశోధకులు 2005లోనే వాదించారు. అయితే ఇలాంటి కార్యక్రమాలను ఇష్టపడి చూసేవారిలో ముందే కొంత మెత్తదనం ఉండవచ్చన్న సందేహాన్ని పూర్తిగా కొట్టివేయలేం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం విఫలమైన కార్యక్రమమే. 2011లో టీఎల్‌సీ ఛానెల్ ‘ఆల్ అమెరికన్ ముస్లిం’ పేరుతో, మిషిగన్‌లోని డియర్‌బర్న్‌లో ఉండే ఐదు కుటుంబాల దైనందిన జీవితాన్ని చూపించింది. ఫుట్‌బాల్ కోచ్, పోలీసు అధికారి, పెళ్లిళ్లు, పురుళ్లు. ఒక ఫ్లోరిడా సంఘం దాని మీద ఉద్యమం నడిపింది. వారి ఫిర్యాదు ఏమిటో తెలుసా? ఆ కార్యక్రమంలో ముస్లింలందరూ మామూలు మనుషుల్లా కనిపిస్తున్నారని, ఆ విధంగా ప్రమాదాన్ని దాచిపెడుతున్నారని! లోస్ అనే పెద్ద దుకాణాల సంస్థ తన ప్రకటనలను వెనక్కి తీసుకుంది. ఒక్క సీజన్‌తో కార్యక్రమం ఆగిపోయింది.

ప్రశ్న: మరి ఏ ఛానెల్‌ను నమ్మాలి?
(అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఛానెల్‌ను కాదు, ఆ పూట చెప్పిన అంకెను పట్టుకోండి. సీఎన్ఎన్‌లో యాంకర్ లూ డాబ్స్ కార్యక్రమం ఒకప్పుడు, మూడేళ్లలో 7,000 కుష్ఠు కేసులు వచ్చాయని, దానికి వలసలే కారణమన్నట్టు చెప్పింది. నిజానికి అది ముప్పై ఏళ్ల లెక్క. 2007లో సీబీఎస్ విలేకరి దాని గురించి అడిగితే, మేము చెప్పామంటే అది నిజమేనన్న ధోరణిలో డాబ్స్ జవాబిచ్చారు. వలసదారుల వల్ల నేరాలు పెరిగాయన్న మాట ఇంకా పాతది. ఆర్థికవేత్తలు 1870 నుంచి జనాభా లెక్కలు తీసి చూస్తే, వలసదారుల్లో జైళ్లలో ఉన్నవారి పాలు అమెరికాలో పుట్టినవారిలోకన్నా ఏనాడూ ఎక్కువగా లేదని తేలింది.

సరిదిద్దినంత మాత్రాన సరిపోతుందనీ అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ 10 నాటి అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీ వలసదారులు పెంపుడు కుక్కలను తింటున్నారని డొనాల్డ్ ట్రంప్ అన్నారు. అలాంటి నమ్మదగిన ఫిర్యాదులేవీ రాలేదని నగర పాలనాధికారి చెప్పినట్టు ఏబీసీ యాంకర్ అక్కడికక్కడే చెప్పారు. సుమారు 6.7 కోట్ల మంది అబద్ధాన్నీ సవరణనూ ఒకే నిమిషంలో విన్నారు. తరువాతి రోజుల్లో ఆ ఊళ్లో బాంబు బెదిరింపులతో బడులు ఖాళీ చేయించవలసి వచ్చింది.

ప్రశ్న: టీవీకి అంత బలముంటే అమెరికన్ల అభిప్రాయం ఏడాదికొకలా ఎందుకు మారుతోంది?
(పాత్రికేయ విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: మారుతున్న మాట నిజం. గాలప్ సర్వే సంస్థ 1965 నుంచి వలసలు పెరగాలా తగ్గాలా అన్న ప్రశ్న అడుగుతోంది. 2024లో వలసలు తగ్గాలన్నవారు నూటికి 55 మంది. 2025లో అదే సంఖ్య 30కి పడిపోయింది, వలసలు దేశానికి మేలేనన్నవారు 79కి చేరారు. ఏడాదిలో ఇంత మార్పుకు టీవీ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. 2023 డిసెంబర్‌లో దక్షిణ సరిహద్దు దాటి పట్టుబడినవారు దాదాపు రెండున్నర లక్షలు. ఆ తరువాత ఆ సంఖ్య నిజంగానే బాగా పడిపోయింది. అధికారంలో ఉన్న పక్షానికి ఎదురు తిరగడం ఓటర్లకు అలవాటు కూడా. అయితే ఫైల్ విజువల్స్ కూడా మారాయన్నది గమనించండి. 2025 వేసవి నాటికి తెర మీద నది పోయి, ముసుగులు ధరించిన అధికారులు లాస్ ఏంజెలెస్ దుకాణాల ముందు కూలి పని కోసం నిలబడినవారిని పట్టుకుపోతున్న దృశ్యాలు వచ్చాయి.

బొమ్మే సర్వస్వమని ఇంతసేపు చెప్పిన నా వాదనకు ఎదురు తిరిగే ఉదాహరణ ఒకటి ఉంది. మీరు పాత్రికేయ విద్యార్థిని కనుక అది మీకు తెలియాలి. 2018లో సరిహద్దు దగ్గర పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేస్తున్నప్పుడు ఆ కేంద్రాల లోపలికి కెమెరాలను స్వేచ్ఛగా అనుమతించలేదు. జూన్ 18న ప్రొపబ్లికా అనే వార్తా సంస్థ లోపల రికార్డు చేసిన శబ్దాన్ని మాత్రం బయటపెట్టింది. ఛానెళ్ల దగ్గర దృశ్యం లేదు. పిల్లల ఏడుపును, తెర మీద అక్షరాలను మాత్రమే ప్రసారం చేయవలసి వచ్చింది. ఇక్కడ వాద్యబృందం ఉంది, నడిపించేవాడే లేడని ఒక అధికారి ఏడుస్తున్న పిల్లల మధ్య నవ్వులాడడం అందులో వినిపిస్తుంది. ఆ రోజుల్లో జరిగిన సర్వేల్లో మూడింట రెండు వంతుల అమెరికన్లు ఆ విధానాన్ని వ్యతిరేకించారు. రెండు రోజుల్లో అధ్యక్షుడు ఆ వేరుచేతను ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు.

ఆ రికార్డులో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన ఆరేళ్ల పాప గొంతు ఒకటి ఉంది. ఆమె ఏడవడం ఆపి, తన పిన్నికి ఫోన్ చేయమని అడుగుతూ, కంఠతా వచ్చిన ఆ ఫోన్ నంబరును ఒక్కొక్క అంకె చొప్పున అధికారులకు అప్పజెబుతుంది.